ఫజీ లాజిక్: అపోహలు - వాస్తవాలు (ముఖ్యంగా రీసెర్చ్ స్కాలర్ల కోసం)

కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు నాతో చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే. "సార్, మ్యాథ్స్ కొంచెం వీక్. అందుకే ఫజీ తీసుకున్నా." హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ మాట ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అందుతూనే ఉంది. నిజానికి ఫజీ లాజిక్ అంటే, ఒక మాట అవునా కాదా అని రెండే చూడకుండా, ఎంతవరకు అవునో 0 నుంచి 1 మధ్య అంకెతో చెప్పే పద్ధతి. వీళ్లు విన్నది వేరు. ఫజీ అంటే సుమారు లెక్కట. అంకెలు మనకు తోచినట్టు వేసుకోవచ్చట. మ్యాట్‌ల్యాబ్‌లో టూల్‌బాక్స్ తెరిచి నాలుగు త్రిభుజాలు గీస్తే, యంత్రాన్ని అదుపు చేసే కంట్రోలర్ తయారట. ఈ రంగంలో తిరిగే పుకార్లు చాలానే ఉన్నా, పిల్లల ఏళ్లను తినేసేది ఇదొక్కటే. కాబట్టి ఎక్కువగా దీని గురించే రాస్తాను.

అపోహ: ఫజీ అంటే కచ్చితత్వం అక్కర్లేని గణితం.

మే నెల మధ్యాహ్నం తీసుకోండి. "వేడి" అనే సెట్‌కి మెంబర్‌షిప్, అంటే ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందో చెప్పే అంకె, 32 డిగ్రీల దగ్గర 0, 42 దగ్గర 1, మధ్యలో సరళరేఖ అని నిర్వచించాం. అప్పుడు 38 డిగ్రీలకు విలువ 0.6. నేను లెక్కేసినా 0.6, మీరు లెక్కేసినా 0.6. "ఇలా ఉంటే అలా చెయ్యి" అనే రూల్స్ ఎన్ని ఉన్నా, వాటి ఫలితాన్ని సెంట్రాయిడ్‌తో డీఫజిఫై చేసినా, అంటే గురుత్వకేంద్రం పట్టి ఒకే అంకెగా మార్చినా, అదే ఇన్‌పుట్‌కి అదే అవుట్‌పుట్ వస్తుంది. ఇందులో సుమారు అనేదే లేదు. అసలు ప్రశ్న వేరు: ఆ 32, ఆ 42 ఎక్కడి నుంచి వచ్చాయి? వైవాలో ఎగ్జామినర్ అడిగేది ఇదే. "అలా పెట్టుకున్నాను సార్" అన్నారంటే, ఆ తర్వాత మీరు చూపించే గ్రాఫులన్నీ వృథా.

ఈ రంగానికి పునాది వేసిన లోట్ఫీ జాదే గణితం రాక ఇటు వచ్చినవారు కాదు. 1921లో బాకూలో పుట్టి, టెహ్రాన్‌లో ఇంజినీరింగ్ చదివి, ఎంఐటీ మీదుగా కొలంబియా చేరి 1949లో డాక్టరేట్ తీసుకున్నారు. 1952లో కొలంబియా ప్రొఫెసర్ రగజీనీతో కలిసి, డిజిటల్ కంట్రోల్‌లో వాడే జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి మీద పేపర్ రాశారు. మనం కంట్రోల్ సిస్టమ్స్ పరీక్షకు కుస్తీ పట్టే ఆ జెడ్-ట్రాన్స్‌ఫార్మే. 1965లో ఫజీ సెట్స్ పేపర్ వచ్చేనాటికి ఆయన బర్క్‌లీలో డిపార్ట్‌మెంట్ హెడ్. ఉన్న గణితాన్ని చివరిదాకా వాడి చూసినవాడికే అది ఎక్కడ చాలడం లేదో తెలిసింది. 1972లో సాక్షాత్తు కాల్మన్ ఫిల్టర్ కనిపెట్టిన కాల్మనే ఒక సభలో ఈ ఆలోచనను గట్టిగా విమర్శించారు. జాదే వెనక్కి తగ్గలేదు. 1995లో ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ ఇచ్చే మెడల్ ఆఫ్ ఆనర్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. 2017లో చనిపోయేదాకా ఆయన ఈ రంగంలోనే ఉన్నారు.

నాకు బాగా గుర్తున్న ఒక స్కాలర్ ఉన్నాడు. పగలంతా ప్రైవేటు కాలేజీలో పాఠాలు, రాత్రిళ్లు థీసిస్. డీసీ మోటార్ వేగ నియంత్రణ తీసుకున్నాడు. అమీర్‌పేట‌లో ఒక ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బు కట్టి కోడ్ తెచ్చుకున్నాడు. ఎర్రర్‌కి (కావలసిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా) 7 సెట్లు, ఎర్రర్ మార్పుకి 7, మొత్తం 49 రూల్స్. పరిశ్రమల్లో మామూలుగా వాడే పీఐడీ కంట్రోలర్ కంటే ఫజీ గొప్పగా పనిచేసిందని రాశాడు. ఎగ్జామినర్ రెండే అడిగారు. 7 ఎందుకు? పీఐడీని ట్యూన్ చేశావా? థీసిస్ వెనక్కి వచ్చింది. నా గది బయట కారిడార్‌లో కూర్చుని "ఇంట్లో ఏం చెప్పాలి సార్" అన్నాడు. ఆ అబ్బాయి సోమరి కాదు. ఇలా చేయకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. నాకు కోపం వచ్చింది వాడి మీద కాదు, "ఫజీ ఈజీ" అని నమ్మించినవాళ్ల మీద.

మొదట పీఐడీని సరిగ్గా ట్యూన్ చేయించాను. ట్యూన్ చేయని పీఐడీతో పోల్చి గెలవడమంటే ఎదుటివాడి కాళ్లు కట్టేసి పరుగుపందెం పెట్టడమే. తర్వాత సెట్లను 5కి తగ్గించాం. 25 రూల్స్‌తో ఫలితం ఏమీ చెడలేదు. ఆపైన ప్రతి సెట్ త్రిభుజం అంచునీ, అంటే పైన చెప్పిన 32, 42 లాంటి అంకెల్ని, 10 శాతం అటూ ఇటూ జరిపి, అవుట్‌పుట్ ఎంత మారుతుందో పట్టిక వేయించాను. లోడ్ స్థిరంగా ఉన్నప్పుడు రెండు కంట్రోలర్లకూ తేడా లేదు. లోడ్ ఒక్కసారిగా మారినప్పుడే ఫజీ మెరుగు. అదే నిజాయితీగా రాశాడు. థీసిస్ పాసయింది.

మీరూ ఈ మూడూ చేయండి. దాంతోపాటు ఇంకొకటి. అంచులు ఎక్కణ్నుంచి తెచ్చారో ఒక పేజీ రాసి పెట్టండి. అనుభవమున్న ఆపరేటర్‌ని అడిగారా, డేటాను గుంపులుగా విడదీసే ఫజీ సీ-మీన్స్ నడిపారా, 1993లో జాంగ్ ఇచ్చిన అన్ఫిస్ (డేటా నుంచి అంచులు నేర్చుకునే న్యూరో-ఫజీ పద్ధతి) తో నేర్పించారా? ఏదైనా పర్లేదు, ఏదో ఒకటి ఉండాలి. స్టెబిలిటీ, అంటే వ్యవస్థ అదుపు తప్పదని నిరూపించాలంటే 1985 నాటి టకాగి-సుగెనో అనే ఫజీ మోడల్ వైపు వెళ్లండి. అక్కడ స్టెబిలిటీ నిరూపణకు వాడే లయపునోవ్ ఫంక్షన్ తప్పదు. మ్యాథ్స్ వీక్ అనుకుంటే ఇప్పుడే లీనియర్ ఆల్జీబ్రా మొదలుపెట్టండి. అదేమీ రాని విద్య కాదు.

అపోహ: మెంబర్‌షిప్ అంటే ప్రాబబిలిటీయే.

కాదు. రేపు వాన పడే ప్రాబబిలిటీ 0.6 అంటే, ఎల్లుండికి ఆ సందేహం తీరిపోతుంది: పడింది, లేదా పడలేదు. 38 డిగ్రీలు "వేడి" కావడం 0.6 అంటే, థర్మామీటర్ చూశాక కూడా 0.6 గానే ఉంటుంది. ఇంకో తేడా చూడండి. "వేడి, అదే సమయంలో వేడి కాదు" అనేదానికి ప్రాబబిలిటీలో 0. జాదే చెప్పిన మినిమమ్ సూత్రంతో అయితే "వేడి" 0.6, "వేడి కాదు" 0.4 (1లోంచి 0.6 తీసేస్తే) లలో చిన్నది, అంటే 0.4. ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా అడుగుతారు.

ఫజీ జపాన్‌లో పుట్టిందనేది మరో పుకారు. జాదే పని చేసింది అమెరికాలో. ఇంజినీర్ మమ్దానీ 1970లలో లండన్‌లో చిన్న ఆవిరి యంత్రం మీద మొదటి ఫజీ కంట్రోలర్ చేసి చూపించారు. 1987లో సెందాయ్ మెట్రోతో, ఆ తర్వాత వాషింగ్ మెషిన్లతో జపాన్ దీన్ని జనంలోకి తెచ్చింది. ఫజీ మీద పని మన దగ్గర జరగదనేది కూడా అబద్ధమే. కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) లో శంకర్ కె. పాల్ ప్యాటర్న్ రికగ్నిషన్‌లో దశాబ్దాల పని చేశారు. ఐఈఈఈ వారి ప్రపంచ స్థాయి ఫజీ సదస్సు 2013లో మన హైదరాబాద్‌లోనే జరిగింది.

డీప్ లెర్నింగ్ వచ్చాక ఫజీ చచ్చిపోయిందా? ఫొటోలో పిల్లిని గుర్తించాలంటే ఫజీ వాడకండి, నేనూ వాడను. ఎందుకు ఈ నిర్ణయం తీసుకున్నావని మెషిన్‌ని అడగాల్సిన చోట, రూల్స్ చదివి అర్థం చేసుకోగలిగేది ఇంకా కావాలి.

ఈ మధ్య నల్గొండ నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. "సార్, మా బిడ్డ ఫజీ తీసుకుందట. నౌకరీ వస్తదా? చుట్టాలందరూ భయపెడుతున్నరు." టెన్షన్ పడొద్దన్నాను. ఉద్యోగ ప్రకటనలో ఫజీ అనే మాట వెతికితే దాదాపు దొరకదు. కంట్రోల్ ఇంజినీర్, ఎంబెడెడ్, డేటా సైన్స్ అని ఉంటుంది. ఆ అమ్మాయి పైథాన్, ఎంబెడెడ్ సీ నేర్చుకుని, తన కంట్రోలర్‌ని సిమ్యులేషన్‌లో వదిలేయకుండా ఒక నిజమైన బోర్డు మీద నడిపి చూపించాలి. గైడ్‌ని మార్చక్కర్లేదు, టాపిక్‌ని అంతకన్నా మార్చక్కర్లేదు. వచ్చే రివ్యూకి ముందు త్రిభుజాల పట్టిక తీసుకుని ఒకసారి నా దగ్గరకు రమ్మన్నాను.