తలుపును ఆపేది బరువొక్కటే కాదు

మృగశిర కార్తె ముందు వరంగల్‌లో గాలి దుమారం లేస్తే తలుపులు ఢాం ఢాం అని కొట్టుకుంటాయి. చాలా ఇళ్లలో ఇటుక ముక్కో, నీళ్ల బకెట్టో అడ్డం పెడతారు. ఇంట్లో కుట్టుకునే ఇసుక సంచి ఇంతకంటే మేలు. అయితే కిలోన్నర సంచి తలుపును ఎలా ఆపుతుంది?

రెండు మీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపుకు గంటకు 11 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే, ఆ తోపు దాదాపు కిలో బరువంత. అది తలుపు నడుమ పనిచేస్తుంది. సంచిని బందులకు దూరంగా, గొళ్లెం ఉండే అంచు దగ్గర పెడితే ఆపడానికి అందులో సగం, అర కిలో బలం చాలు. బందుల వైపు జరిపి వెడల్పులో నాలుగో వంతు దగ్గర పెట్టారా, రెండు కిలోల బలం కావాలి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. పెద్ద దుమారానికి సంచిని నమ్ముకోవద్దు, గొళ్లెం పెట్టుకోండి.

ఆ బలాన్నిచ్చేది సంచికీ నేలకూ మధ్య ఘర్షణ. నున్నటి గ్రానైట్ మీద బట్ట తేలిగ్గా జారుతుంది. ఎంత జారుతుందో ఇంట్లోనే కొలవొచ్చు. మిగిలిపోయిన గ్రానైట్ ముక్క మీద సంచి పెట్టి ఒక వైపు మెల్లగా లేపండి. 17 డిగ్రీల దగ్గర జారితే ఘర్షణ గుణకం (సంచి బరువులో ఎంత వంతు తోపును ఘర్షణ ఆపగలదో చెప్పే సంఖ్య) 0.3, 27 డిగ్రీల దాకా ఆగితే 0.5. మొదటి దానికి అర కిలో తోపును ఆపాలంటే కిలోన్నర దాటిన సంచి కావాలి, రెండో దానికి కిలో చాలు. బరువు పెంచే కంటే అడుగున పాత సైకిల్ ట్యూబ్ ముక్క కుట్టడమే నయం.

కుట్టేందుకు కొత్తవాడ జంపఖానా ముక్క దొరికితే భేష్. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ మందపాటి నూలు నేత అంత తొందరగా చిరగదు. 43×20 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ మార్జిన్ వదలండి. 20 సెంటీమీటర్ల అంచులు రెండూ కలిపి గొట్టంలా కుట్టి, ఒక కొసను అడ్డంగా మూయండి. రెండో కొసను దానికి నిలువుగా పట్టి, కొంచెం సందు వదిలి కుట్టండి. నాలుగు త్రికోణాల ఆకారం వస్తుంది, పాత స్వీడన్ పాల ప్యాకెట్‌ లాగ. ఏ ముఖం మీద పెట్టినా నిలబడుతుంది.

లోపల దాదాపు 920 మిల్లీలీటర్ల జాగా ఉంటుంది. పొడి ఇసుకైతే కిలోన్నర పడుతుంది, బియ్యమైతే ముప్పావు కిలోనే. బియ్యానికి పురుగు పడుతుంది కూడా. ఇసుకను మాత్రం నిండా కుక్కొద్దు. బిగుసుకున్న రేణువులు కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి, అప్పుడు మొత్తం ఉబ్బాలి. దీన్ని బ్రిటన్ ఇంజనీరు ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లో వివరించాడు. ఉబ్బనివ్వని బట్టలో ఇసుక రాయిలా గట్టిపడుతుంది. కాస్త వదులుగా ఉంటే రేణువులు ఒకదానికొకటి రాసుకుని తలుపు దెబ్బను మింగేస్తాయి. నింపే ముందు ఇసుకను జల్లించి, ఎండలో ఆరబోసి, పాలిథిన్ కవర్లో కట్టి పెట్టండి. లేకపోతే నేత సందుల్లోంచి సన్న ఇసుక రాలుతూనే ఉంటుంది.