దిగే రైలు, ఎక్కే రైలు: భోర్ ఘాట్ కరెంటు కథ

"ఘాట్ దిగేటప్పుడు రైలు దాని బరువుకి అదే దిగుతుంది కదా, మరి అప్పుడు కరెంటు ఇంజను ఏం చేస్తుంటుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. హైదరాబాద్ నుంచి పుణె మీదుగా ముంబై వెళ్లేవాళ్లకి లోనావాలా దాటాక ఈ అనుమానం రావాల్సిందే. ఆ ఇంజను అప్పుడు కరెంటు పుట్టించగలదు! ఆ కొండదారిలో ఈ విద్య మొదలై తొంభై ఏళ్లు దాటింది.

బొంబాయి రైళ్లను కరెంటుతో నడపాలని ప్రెసిడెన్సీ చీఫ్ ఇంజనీరు డబ్ల్యు.హెచ్. వైట్ 1904లోనే ప్రతిపాదించారు. మధ్యలో ప్రపంచ యుద్ధం అడ్డుపడింది. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకి, హార్బర్ లైనులో, 1,500 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మీద, దేశంలో తొలి కరెంటు రైలు నడిచింది. 1929లో తీగలు పుణె చేరాయి. 1930 జూన్ 1న రెండు నగరాల మధ్య దక్కన్ క్వీన్ పరుగు మొదలైంది. దూరం 192 కిలోమీటర్లు. తేదీలు ఇంతటితో చాలు, అసలు సంగతంతా మధ్యలో ఉన్న కొండ దగ్గరే ఉంది.

భోర్ ఘాట్ లైను 1863 నాటిది. కర్జత్ వైపు నుంచి లోనావాలా వైపు 550 మీటర్లకు పైగా ఎక్కాలి. నిటారు చోట్ల ప్రతి 37 అడుగులకీ ఒక అడుగు ఎత్తు. అంటే 1,000 టన్నుల రైలును సుమారు 27 టన్నుల బలం నిరంతరం కిందికి లాగుతుంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచి బ్యాంకర్ ఇంజన్లు తోస్తాయి. కర్జత్‌లో వాటిని తగిలించేలోపు జనం వడాపావ్ కోసం ప్లాట్‌ఫాం మీదికి దిగుతారు. కానీ భయమంతా దిగడంలోనే. ఆవిరి రోజుల్లో ఆ బలాన్నంతా బ్రేకు దిమ్మలే ఆపాలి. దిమ్మలు అరుగుతాయి, చక్రాలు కాగుతాయి, చక్రానికి బిగించిన ఉక్కు పట్టా వదులయ్యే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1,000 టన్నులు 550 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 540 కోట్ల జౌళ్లు, అంటే 1,500 యూనిట్లు. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇంటికి పది నెలల కరెంటు. అదంతా వేడిగా గాల్లో కలిసిపోయేది.

బడిలో మోటారుకి ఎడమచెయ్యి, జనరేటరుకి కుడిచెయ్యి అని ఫ్లెమింగ్ నిబంధనలు బట్టీ పట్టిస్తారు. రెండూ ఒకే యంత్రమని మాత్రం గట్టిగా చెప్పరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. కరెంటిస్తే తిరిగేది మోటారు. దాన్నే బయటి బలంతో తిప్పితే జనరేటరు. పైగా అందులోంచి కరెంటు తీసుకుంటున్నంతసేపూ అది తిరగనని మొరాయిస్తుంది. ఆ మొరాయింపే బ్రేకు.

ఘాట్ కోసం 1928 నుంచి వచ్చిన గూడ్సు ఇంజన్లకి, సిబ్బంది ఖేక్డా అని పిలిచినవాటికి, ఈ ఏర్పాటు ఉంది. బలం 2,600 హార్స్‌పవర్. అయితే రైళ్లు లాగడానికి వాడే సిరీస్ మోటారును (అయస్కాంతపు చుట్టకీ, తిరిగే భాగానికీ ఒకే కరెంటు వెళ్లే రకం) ఉన్నదున్నట్టు జనరేటరుగా మారిస్తే నిలకడగా ఉండదు. అందుకని దాని ఫీల్డ్ కాయిల్‌కి, అంటే ఆ అయస్కాంతపు చుట్టకి, వేరే చిన్న యంత్రంతో కరెంటివ్వాలి. వోల్టేజి తీగలోని 1,500 కంటే కాస్త పైకి రాగానే ప్రవాహం తిరగబడి, కరెంటు ఇంజను నుంచి తీగలోకి పోతుంది.

రెండు చేదలు కట్టిన గిలక బావిని ఊహించుకోండి. ఒక చేద దిగుతుంటే రెండోది పైకొస్తుంది. ఇక్కడ తాడు తలపైనున్న రాగి తీగ. దిగే చేద ముంబై వైపు వెళ్లే రైలు, ఎక్కేది పుణె వైపు వెళ్లేది. దిగే రైలు పంపిన కరెంటును ఎక్కే రైలు తాగుతుంది. తక్కువైనది మన చేతులు లాగినట్టు పవర్‌హౌస్ లాగుతుంది. ఆ పని కోసం రైల్వే ఠాకుర్లీలో సొంతంగా ఒక పవర్‌హౌస్ కట్టుకుంది. గిలక రాపిడిలాగే తీగలోనూ మోటారులోనూ కొంత పోతుంది. ఇక రెండో చేదే లేకపోతే? దిగేది దభేలున పడుతుంది. అలాగే కరెంటు తీసుకునేవాళ్లు లేకపోతే వోల్టేజి పెరిగిపోతుందే తప్ప బ్రేకు పట్టదు. సబ్‌స్టేషన్‌లో ఏసీని డీసీగా మార్చేది రోటరీ కన్వర్టరు (తిరిగే యంత్రం) అయితే మిగులును వెనక్కి తీసుకోగలదు. అదే పనిచేసే పాదరసపు రెక్టిఫయరు మామూలుగా ఒక దిశలోనే పంపుతుంది. అందుకే మామూలు బ్రేకులు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

1,500 వోల్టులకి ఇంకో ఇబ్బంది ఉంది. ఆ 2,600 హార్స్‌పవర్‌కి దాదాపు 1,300 ఆంపియర్లు కావాలి. అదే 25,000 వోల్టులైతే 80 ఆంపియర్లలోపే. లావు తీగలూ దగ్గర దగ్గర సబ్‌స్టేషన్లూ భారమై ఈ దారి ఏసీకి మారింది. అన్నిటికంటే ముందు డీసీ అందుకున్న హార్బర్ లైనే చివరగా, 2016లో, దాన్ని వదిలింది. ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్లు (ఏసీ మోటార్లతో నడిచేవి) దిగేటప్పుడు పుట్టించిన కరెంటు, పక్కన ఎక్కే రైలు లేకపోయినా, ట్రాన్స్‌ఫార్మర్ గుండా గ్రిడ్‌కే చేరగలదు.

మన కొత్తవలస–కిరండుల్ లైను ఇంకా గొప్ప అవకాశం. అక్కడ శిమిలిగుడ నుంచి విశాఖ వైపు ఇనుప ఖనిజంతో నిండిన బండ్లు దిగుతాయి, ఖాళీవి ఎక్కుతాయి. ఎత్తు సుమారు 996 మీటర్లు. నష్టాలు తీసేయకముందు లెక్కేస్తే, దిగే ప్రతి వెయ్యి టన్నుల దగ్గరా 2,700 యూనిట్లు.