ఎక్కేటప్పుడే అడగాలి

బాపట్ల,
మే నెలాఖరు.

చిరంజీవులు చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ అమ్మమ్మ క్షేమం. ఎండలు ఇంకా తగ్గలేదు. మీరు హైదరాబాద్ వెళ్ళిన మర్నాడే పెరట్లో మామిడికాయలు కోయించాం. గడ్డిలో మాగేశాం. తలుపు తీస్తే చాలు, గదంతా వాసన.

చిన్నీ, మొన్న ఫోన్లో నువ్వు అడిగిన దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. మీ అమ్మ ఫ్రిజ్ కడుగుతోంది, నువ్వేమో ఆ స్టీలు గిన్నె తెచ్చి నాకు వీడియోలో చూపించావు. ఇడ్లీ పిండి వెనకాల ఎక్కడో దొరికిందన్నావు. మూత తీస్తే దొండకాయ కూర మీద తెల్లగా దూది పరిచినట్టు ఉంది. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర ముదురు పచ్చ. "ఫ్రిజ్‌లో పెడితే పాడవదు కదా తాతయ్యా, మరి బూజు ఎట్లా పట్టింది?" అన్నావు. మంచి ప్రశ్న. ఆ ప్రశ్న వినగానే నాకు మా బస్సు గుర్తొచ్చింది. అందుకే ఫోన్లో చెప్పకుండా ఉత్తరం రాస్తానన్నాను.

ముందు చిన్న లెక్క. బుజ్జిగాడు చెయ్యాలి. కూరని పాడుచేసే సూక్ష్మజీవులు మన కంటికి కనపడవు. వేడి వాటికి అనుకూలంగా ఉంటే కొన్ని 20 నిమిషాలకి ఒకటి రెండవుతాయి. ఇంకో 20 నిమిషాలకి ఆ రెండు నాలుగు. ఇట్లా నాలుగు గంటలు గడిస్తే ఎన్నవుతాయో వేసి చూడు. నాకు 4,096 వచ్చింది. ఒక్కదానితో మొదలుపెడితేనే అన్ని. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలో, అంతకన్నా తక్కువో ఉంటే ఈ పరుగు బాగా నెమ్మదిస్తుంది. అంతేగాని ఆగదు. చలి వాటిని చంపదమ్మా. బూజయితే ఆ చలిలో కూడా మెల్లగా, ఓపిగ్గా పెరుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కూర ఆగి ఉన్న బండి కాదు, నెమ్మదిగా నడుస్తున్న బండి. దిగాల్సిన చోట దించకపోతే అది స్టేజీ దాటి వెళ్ళిపోతుంది.

మీ తాతయ్య 31 ఏళ్ళు కండక్టరుగా చేశాడు కదా. ఎన్నో ఏళ్ళు చీరాల, బాపట్ల మధ్య తిరిగాను. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా నాకు పల్లెవెలుగు బండి ఎక్కినట్టే ఉంటుంది. అక్కడా అంతే. స్థలం తక్కువ, ఎక్కేవాళ్ళు ఎక్కువ. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ముందు దిగాలి, ఎవరి పక్కన ఎవరు ఉండకూడదు, అంతా ఒకడు చూసుకోవాలి.

ఫుట్‌బోర్డు దగ్గర మొదలుపెడదాం. ఫ్రిజ్ తలుపుకి ఉండే అరలే ఫుట్‌బోర్డు. తీసినప్పుడల్లా బయటి వేడిగాలి ముందు తగిలేది అక్కడే, కుదుపులూ అక్కడే. పసిపిల్లల తల్లిని ఫుట్‌బోర్డు మీద నిలబెడతామా? మరి పాల ప్యాకెట్లు, గుడ్లు ఎందుకు అక్కడ పెడతారు? వాటిని లోపలి అరలో పెట్టమని అమ్మకి చెప్పండి. గుడ్ల కోసం తలుపులో గుంటలు చేసి ఇచ్చినా సరే, లోపలే మేలు. తలుపులో గట్టి ప్రాణాలు నిలబడాలి. నిమ్మకాయ పచ్చడి సీసా, టమాటా సాస్, మంచినీళ్ళ సీసాలు. వాటికి ఆ ఎండా కుదుపూ ఒక లెక్క కాదు.

తర్వాత వెనక సీటు. వెనక గోడ వైపు చలి ఎక్కువ. పాలకి, పెరుగుకి మంచిదే. ఆకుకూర మాత్రం ఆ గోడకి ఆనుకుందంటే గడ్డకట్టి, నల్లబడి, ముద్దయిపోతుంది. ఇంకోటి, వెనక గాలి వచ్చే సందులు ఉంటాయి. వాటికి అడ్డంగా పెద్ద గిన్నె పెట్టకూడదు. సంక్రాంతి రద్దీలో కిక్కిరిసిన బండి చూశారుగా, కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, అయినా మధ్యలో నిలబడ్డవాడికి గాలాడదు. ఫ్రిజ్ అయినా అంతే. చల్లగాలి గిన్నెల మధ్య నుంచి తిరగాలి. అరచెయ్యి దూరేంత సందు ఉంచండి చాలు.

చేపల గంపల సంగతి చెప్పాలి. సూర్యలంక వైపు నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు తెల్లవారుజామున వచ్చేవాళ్ళు. ఎంత కష్టపడేవాళ్ళో. వాళ్ళ గంపలు బండి టాప్ మీద వేసేవాళ్ళం. ఒకసారి ఐసు కరిగి, ఆ నీళ్ళు కిటికీ పక్కన కూర్చున్న పెళ్ళివారి పట్టుబట్టల మీద కారాయి. గంప తెచ్చినామె తప్పు లేదు, పెళ్ళివారి తప్పూ లేదు. పైన పెట్టించిన నాదే తప్పు. అప్పటినుంచి గంప కిందే, నీళ్ళు కారకుండా కింద గోనె పరిచి. పచ్చి చికెన్, చేప తెచ్చినప్పుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి అన్నిటికన్నా కింది అరలో ఉంచాలి. ఆ నీటి చుక్క ఒక్కటి పెరుగన్నంలో పడితే పట్టుబట్ట పాడైనట్టు కాదు, కడుపులే పాడవుతాయి.

అసలు బండి ఎక్కకూడనివాళ్ళు కూడా ఉంటారు. ఉల్లిపాయ లోపలి తేమకి మెత్తబడి మొలకెత్తుతుంది. బంగాళదుంపని చలిలో పెడితే దానిలోని పిండి చక్కెరగా మారి, వేయిస్తే నల్లబడుతుంది. అరటిపండు తొక్క నల్లగా అయిపోతుంది. వీటికి గాలి తగిలే బుట్ట చాలు. మన ఆవకాయకి ఫ్రిజ్ అక్కర్లేదు. ఉప్పు, నూనె, ఆవపిండి దాన్ని కాపాడతాయి. తడి చెయ్యి పెట్టకుండా ఉంటే అదే పదివేలు.

ఇక పక్కపక్కన కూర్చోబెట్టకూడనివి. మామిడిపండు, ఆపిల్ లాంటివి మాగుతూ ఒక వాయువు వదులుతాయి, దాని పేరు ఎథిలీన్. పక్కనున్న తోటకూరకి, కొత్తిమీరకి అది తగిలితే త్వరగా పసుపెక్కుతాయి. మీ అమ్మమ్మ కాయల్ని గడ్డిలో కప్పిపెట్టడం కూడా అందుకే. ఆ వాయువు బయటికి పోకుండా అక్కడే తిరిగి, ఒక కాయ ఇంకో కాయని పండిస్తుంది. పేరు తెలియకపోయినా పని తెలిసిన మనిషి మా అమ్మ. ఆమే నేర్పింది మీ అమ్మమ్మకి.

అమ్మ అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? పాలు పిడకల దాలి మీద పొద్దుటి నుంచి కాగుతూ ఉండేవి, మీగడ ఎర్రగా కట్టేది. వంటింటి దూలానికి ఉట్టి వేలాడేది. అందులో మూడు కుండలు, ఒకదాని మీద ఒకటి. కింద పెరుగు, పైన వెన్న, ఆ పైన ఏదైనా మిగిలిన కూర. పిల్లి అందుకోలేదు, చీమ ఎక్కలేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నే మాకు చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని బడికి పరిగెత్తేవాళ్ళం. కరెంటు లేని వేసవి రాత్రి, దీపం కూడా వెలిగించకుండా, అమ్మ చెయ్యెత్తి ఏ కుండ కావాలంటే ఆ కుండ దించేది. అందులో ఎంత ఉందో, ఎప్పటిదో కూడా చెప్పేది. నేను అది మాయ అనుకునేవాణ్ణి. మాయ కాదు. ఉన్నవి మూడే కుండలు. పొద్దున ఉన్నది రాత్రికి అయిపోవాల్సిందే. మర్చిపోవడానికి చోటే లేదు.

మన ఇంటికి మొదటి ఫ్రిజ్ వచ్చాక చోటు పెరిగింది. తలుపు కూడా వచ్చింది. తలుపు మూస్తే కనపడదు, కనపడకపోతే గుర్తుండదు. "రేపు చూద్దాంలే" అని పెట్టిన గిన్నెలన్నీ వెనక వరసలోకి వెళ్ళిపోతాయి. ఈ దొండకాయ కూరా అట్లాగే వెళ్ళింది.

నా డ్యూటీలో ఒకరోజు రాత్రి చివరి ట్రిప్పు. బాపట్ల డిపోలో బండి ఆపి, క్యాష్ బ్యాగు సర్దుకుని దిగబోతుంటే వెనక సీట్లో ఏదో కదిలింది. టార్చి వేస్తే పదేళ్ళ పిల్లాడు, సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. చీరాలలో ఎక్కాడు, ఈపూరుపాలెంలో దిగాలి. టికెట్టు ఇచ్చింది నేనే. జనంలో మర్చిపోయాను. లేపితే చుట్టూ చూసి, ఏడవకుండా, "మా అమ్మ రోడ్డు మీద నిలబడి ఉంటుంది" అన్నాడు. డ్రైవరు తన స్కూటరు మీద తీసుకెళ్ళి దించి వచ్చాడు. నిజంగానే ఆ తల్లి ఆ చీకట్లో రోడ్డు మీదే నిలబడి ఉందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా చివరి సీటు వరకు నడిచి చూడకుండా ఏనాడూ బండి దిగలేదు.

అందుకే మీ ఇద్దరికీ ఒక ఉద్యోగం ఇస్తున్నాను. మీ ఇంటి ఫ్రిజ్‌కి మీరే కండక్టర్లు.

కండక్టరు ఎక్కినవాణ్ణి మొదట ఏమడుగుతాడు? "ఎక్కడికి?" అంటాడు. మిగిలిన పప్పు లోపల పెట్టేటప్పుడు మీరూ అదే అడగండి. రేపు పొద్దున చపాతీల్లోకా? మధ్యాహ్నం డబ్బాలోకా? జవాబు లేకపోతే అప్పుడే ఎవరికైనా పెట్టేయండి, లేదా కొంచెం తక్కువ వండమని అమ్మకి చెప్పండి. జవాబు ఉంటే చిన్న కాగితం ముక్క మీద వారం రాసి మూతకి అంటించండి. అదే టికెట్టు. అమ్మ డబ్బాలు కొంటానంటే లోపలిది కనపడే గాజువి కొనమనండి. స్టీలు గిన్నె మంచిదే కానీ నోరు విప్పదు.

ముందు దిగేవాళ్ళు అరలో ముందు వరసలో ఉండాలి. కొత్త పాల ప్యాకెట్టు వెనక, పాతది ముందు. కొత్త పెరుగు వెనక, నిన్నటిది ముందు. బండిలోనూ అదే గోల కదా, "దిగేవాళ్ళని దిగనివ్వండయ్యా, తర్వాత ఎక్కండి" అని నేను రోజూ అరిచేవాణ్ణి.

వేడి గిన్నెని మాత్రం దించిన వెంటనే ఎక్కించకండి. పక్కనున్న పాలకి కూడా ఆ సెగ తగులుతుంది. అట్లాగని సాయంత్రం దాకా గట్టు మీద వదిలేయొద్దు. రెండు గంటలు దాటకూడదు, ఈ ఎండల్లో అయితే గంటలోపే లోపల పెట్టాలి. వెడల్పు బేసిన్‌లో చన్నీళ్ళు పోసి అందులో గిన్నె కూర్చోబెడితే త్వరగా చల్లారుతుంది. అన్నం అయితే పళ్ళెంలో పలచగా పరిస్తే ఇంకా త్వరగా.

ఆదివారం పొద్దున, నాన్న రైతుబజారుకి వెళ్ళకముందు, చివరి సీటు దాకా చూడండి. ఏముందో చూశాకే ఏం కొనాలో తెలుస్తుంది. అప్పుడే కొత్తిమీర కట్ట పని కూడా పట్టండి. కట్ట విప్పి, దారం తీసేసి, పసుపెక్కిన ఆకు ఒక్కొక్కటే ఏరండి. ఒక్క కుళ్ళిన రెమ్మ ఉన్నా తెల్లారేసరికి పక్కవాటిని పట్టుకుంటుంది. వేళ్ళు కోసేసి, కడగకుండా, పొడి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. అమ్మమ్మ పాత చీర ముక్కలు పంపిస్తుంది. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. కోసిన తర్వాత కూడా కొత్తిమీర ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, తెలుసా? గట్టిగా ముడేసిన ప్లాస్టిక్ కవర్లో చెమట పట్టి కుళ్ళేది అందుకే. తెల్లవారకముందే లేచి దాన్ని పీకి, కట్టలు కట్టి, ఆటోలో వేసుకుని వచ్చిన మనిషి ఒకరున్నారు. ఆ కట్టని పారేసే ముందు ఆ మనిషి గుర్తొస్తే చాలు.

అరలు తుడవడానికి గోరువెచ్చని నీళ్ళలో కొంచెం వంటసోడా కలపండి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో కూడా తుడవండి, బూజు ముందు అక్కడే దాక్కుంటుంది. తుడిచాక ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగుసుకుంటే సరే. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు వదులైందని నాన్నకి చెప్పండి.

లోపల చలి ఎట్లా పుడుతుందని బుజ్జిగాడు అడుగుతాడు, నాకు తెలుసు. పైపులు, మోటారు అంటూ నేను మొదలుపెడితే ఇంకో నాలుగు కాగితాలవుతాయి. దాని బదులు ఒక పని చెయ్యండి. ఈ రాత్రి అందరూ పడుకున్నాక ఇద్దరూ లేచి చీకట్లో ఫ్రిజ్ పక్కన నిలబడండి. కాసేపటికి అది గుర్రుమంటూ మొదలవుతుంది. కొంచెం ఆగి దాని పక్క గోడ మీద అరచెయ్యి ఆనించండి. వెనకవైపు మాత్రం చెయ్యి పెట్టొద్దు. కొన్ని ఫ్రిజ్‌లకి వెనక నుంచే వేడి పోతుంది, మీది అట్లాంటిదైతే పొద్దున నాన్నని చూపించమనండి. పక్క గోడే అయితే చేతికి గోరువెచ్చగా తగులుతుంది. సాయంత్రం మీరు లోపల పెట్టిన పాలలో, పప్పులో ఉన్న వేడి కూడా అందులో ఉంది. లోపలి నుంచి ఒక్కొక్కటిగా దిగి బయటికి వచ్చేస్తోంది. చెయ్యి అట్లాగే కాసేపు ఉంచి, ఎట్లా ఉందో నాకు రాయండి.

మీ
తాతయ్య