నాలుగు లేన్ల రోడ్డు, నిద్ర చాలని డ్యూటీ

2025 జులై 26 తెల్లవారుజామున చౌటుప్పల్ మండలం ఖైతాపురం దగ్గర ఓ స్కార్పియో డివైడర్ దాటి అవతలి రోడ్డు మీదికి వెళ్లింది. ఎదురుగా వస్తున్న లారీ దాన్ని ఢీకొట్టింది. డ్యూటీ మీద హైదరాబాద్ వస్తున్న ఇద్దరు ఆంధ్రప్రదేశ్ డీఎస్పీలు చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ డ్రైవర్‌ది నిద్రమత్తా, అతివేగమా అని రెండు రోజులు మాట్లాడుకుంటాం. ఆ పోలీసు బండి, ఆ వేళకు, ఆ రోడ్డు మీద ఎందుకుందో అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది అదే.

ముందు రోడ్డు సంగతి. ఈ ప్రమాదం జరిగిన విజయవాడ హైవేను పాతవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. నంబర్లు మారాక 65 అయింది, 2012 చివరికల్లా నాలుగు లేన్లయింది. బండ్ల వేగం పెరిగింది గానీ, చిట్యాల, నకిరేకల్ లాంటి ఊళ్లు రోడ్డు పక్కనే ఉన్నాయి. ట్రాక్టర్లు, బైకులు దాటాల్సింది ఆ రోడ్డునే. పాలమూరు వైపు 44వ నంబరు హైవేలోనూ జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. అర కిలోమీటరు ముక్కలో మూడేళ్లలో పది మంది చనిపోతే కేంద్రం దాన్ని బ్లాక్ స్పాట్ అంటుంది. అలాంటి చోట కాపలా మాత్రం పక్క పోలీస్ స్టేషన్ వాళ్లదే.

రాత్రిపూట హైవే మీద లారీ ఆగిపోయిందనుకుందాం. క్లీనర్ వెనకాల నాలుగు రాళ్లు, ఓ చెట్టు కొమ్మ పెడతాడు. పెట్రోలింగ్ బండి వచ్చి ఆగుతుంది. కానిస్టేబుల్ దిగి, టార్చి ఊపుతూ వెనక వచ్చేవాళ్లను పక్కకు పంపిస్తుంటాడు. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు ఆ మనిషి కనిపించేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. ఒక ప్రమాదం చూడ్డానికి వెళ్లినవాళ్లే రెండో ప్రమాదంలో పోవడం ఇలాగే జరుగుతుంది.

ఇక డ్యూటీ. 2014లో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ దేశవ్యాప్తంగా పోలీస్ స్టేషన్ల మీద అధ్యయనం చేసింది. సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. పగలు బందోబస్తు, సాయంత్రం వాహనాల తనిఖీ, అర్ధరాత్రి ఫోనొస్తే నిందితుడి కోసం పక్క జిల్లాకు ప్రయాణం. స్టీరింగ్ పట్టేది కూడా పొద్దుటి నుంచి డ్యూటీలో ఉన్న మనిషే.

సీటు బెల్టు మాట కూడా చెప్పుకోవాలి. మాటిమాటికీ దిగాలని కొందరు బెల్టును సీటు వెనక నుంచి తిప్పి క్లిప్పులో పెట్టేస్తారు. బీప్ ఆగిపోతుంది, మనిషికి మాత్రం ఏ ఆధారమూ ఉండదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 210బి సెక్షన్ వచ్చింది. చట్టాన్ని అమలుచేసే అధికారే తప్పు చేస్తే జరిమానా రెండింతలు. అయితే అధికారికి చలానా రాసేదెవరు?

బీమా దగ్గరా సర్కారు బండ్ల లెక్క వేరు. అదే చట్టం 146వ సెక్షన్ ప్రకారం వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు థర్డ్ పార్టీ బీమా (బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేసే బీమా) తప్పనిసరి కాదు. సర్కారు జీపు ఢీకొని మనిషి చనిపోయిన కేసులో పరిహారం బాధ్యత ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అయినా బీమా లేని చోట బాధిత కుటుంబం నేరుగా సర్కారుతోనే తేల్చుకోవాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇది. మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది 1961లో. లారీలు, బస్సులు నడిపే సంస్థల్లో డ్రైవర్లకు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలని అది హద్దు పెట్టింది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. పాటించారా లేదా అన్నది వేరే సంగతి, కాగితం మీదైనా హద్దు పెట్టారు. స్టేషన్ బండి నడిపే హోంగార్డుకు, కానిస్టేబుల్‌కు ఆ చట్టం వర్తించేది కాదు. ఇప్పుడు 65ను ఆరు లేన్లు చేయాలంటున్నారు. ఆ పని మొదలయ్యేలోపే రాత్రి బండి నడిపినవాళ్లకు మర్నాడు డ్యూటీ వేయకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి.