ఎడిషన్ మారితే క్లాస్ బలం మారిందా? అపోహలు - వాస్తవాలు

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ఎడిషన్ (కొత్త రూల్స్ పుస్తకాలు) వచ్చిన ప్రతిసారీ ఒకటే గొడవ: నా క్లాస్‌ని (పాత్ర రకాన్ని) నెర్ఫ్ చేశారు (బలం తగ్గించారు), వాడి క్లాస్‌ని నెత్తిన పెట్టుకున్నారు అని. ఏళ్ల తరబడి డంజన్ మాస్టర్‌గా ఆట నడిపిస్తున్న నేను చెప్పేది ఒక్కటే. క్లాస్ పేజీ ఒక్కటీ చదివి తీర్పు ఇవ్వకండి, చుట్టూ ఉన్న రూల్స్ కూడా చూడండి.

అపోహ: పాత ఎడిషన్లలో బ్యాలెన్స్ ఊసే లేదు.

వాస్తవం: ఉంది, కాకపోతే క్లాస్ పవర్లలో (ప్రత్యేక శక్తుల్లో) కనిపించదు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో రెండో లెవెల్‌కి చేరాలంటే థీఫ్‌కి (దొంగకి) 1,250 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) చాలు. ఫైటర్‌కి (యోధుడికి) 2,000, విజార్డ్‌కి (మాంత్రికుడికి) 2,500 కావాలి. పైగా మంత్రం పూర్తయ్యేలోపు దెబ్బ తగిలితే ఆ మంత్రం పోయినట్టే.

అపోహ: మూడో ఎడిషన్‌లో విజార్డ్ చెలరేగిపోయింది మంత్రాల బలం పెంచడం వల్లే.

వాస్తవం: అసలు కారణం పగ్గాలు వదిలేయడం. 2000లో అందరికీ ఒకే ఎక్స్‌పీ పట్టిక వచ్చింది. దెబ్బ తగిలినా కాన్సంట్రేషన్ చెక్ (ఏకాగ్రత కోసం వేసే పాచిక) నెగ్గితే మంత్రం నిలిచింది. అన్నిటికన్నా పెద్ద మార్పు సేవింగ్ త్రోలో (మంత్రం లాంటి ముప్పు నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికలో) జరిగింది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రెండో ఎడిషన్‌లో 17వ లెవెల్ ఫైటర్ మంత్రం నుంచి తప్పించుకోవడానికి ఇరవై ముఖాల పాచిక మీద 6 లేదా అంతకన్నా ఎక్కువ పడితే చాలు. వేసేవాడు ఎంత పెద్ద విజార్డైనా దాదాపు ఇంతే. మూడో ఎడిషన్‌లో 20వ లెవెల్ ఫైటర్‌కి కూడా విల్ సేవ్ (మనసు మీద పనిచేసే మంత్రాలకు వేసే సేవింగ్ త్రో) బేస్ +6 మాత్రమే. తొమ్మిదో లెవెల్ మంత్రాన్ని తట్టుకోవాలంటే పాచికకి ఆ +6 కలిపాక 19కి విజార్డ్ ఇంటెలిజెన్స్ బోనస్ కలిపినంత రావాలి. ఆ బోనస్ 8 అనుకుంటే 27. విజ్డమ్ బోనసో, మ్యాజిక్ వస్తువో ఆదుకోకపోతే 20 పడితేనే బతుకు. ఫైటర్ పేజీలో ఒక్క ముక్క తగ్గించకుండానే ఫైటర్‌ని ఇంత బలహీనం చేశారు.

అపోహ: నాలుగో ఎడిషన్‌లో క్లాసులన్నీ ఒకటే.

వాస్తవం: 2008లో పవర్ల చట్రం ఒకటే, ఆడే తీరు కాదు. ఫైటర్ మార్క్ చేసిన (గురిపెట్టిన) శత్రువు వేరేవాళ్ల మీదకి వెళ్తే దాడిలో -2 పడుతుంది, పక్కనే ఉంటే ఫైటర్ దెబ్బ కూడా తినాలి. అంత బాగా తోటివాళ్లను కాచుకున్న ఫైటర్‌ని నేను మరే ఎడిషన్‌లోనూ చూడలేదు.

అపోహ: అంకె పెరిగితే బలం పెరిగినట్టే.

వాస్తవం: ఫైర్‌బాల్ మంత్రాన్నే చూడండి. రెండో ఎడిషన్‌లో ఐదో లెవెల్ విజార్డ్ వేస్తే దెబ్బకి ఆరు ముఖాల పాచికలు ఐదు, సగటున 17 లేదా 18. ఓగర్ అనే భారీ రాక్షసుడికి ఉండేవి సుమారు 19 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). 2014 ఐదో ఎడిషన్‌లో ఎనిమిది పాచికలు, సగటు 28. కానీ ఓగర్‌కి 59! అప్పట్లో కొనప్రాణంతో మిగిలిన ఓగర్ ఇప్పుడు సగానికి పైగా ప్రాణంతో మీదకి వస్తుంది.

అపోహ: 2024 రూల్స్ పాలడిన్‌ని (దైవబలంతో పోరాడే యోధుడిని) పాడుచేశాయి.

వాస్తవం: పాలడిన్ దెబ్బకి దైవశక్తి జోడించే డివైన్ స్మైట్ ఇప్పుడు బోనస్ యాక్షన్‌తో (టర్న్‌కి ఒక్కటే దొరికే అదనపు చర్యతో) వేసే మంత్రం, కాబట్టి టర్న్‌కి ఒక్కసారే. నా ఉద్దేశంలో ఇది సరైన మార్పు. 2014 రూల్స్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లు (పోరాటాల్లాంటి సవాళ్లు) ఉంటాయన్న లెక్కతో రాసినవి. చాలా టేబుళ్ల దగ్గర జరిగేది ఒకటే పెద్ద ఫైట్. అందులో పాలడిన్ స్లాట్లన్నీ (మంత్రాలకు ఉండే కోటా అంతా) ఒకేసారి కుమ్మరించేవాడు, రెండే స్లాట్లున్న వార్లాక్ (మరో రకం మాంత్రికుడు) చూస్తూ ఉండిపోయేవాడు. మీ టేబుల్లో వార్లాక్ ఉంటే, క్లాస్ రూల్స్ మార్చే ముందు లాంగ్ రెస్ట్‌కి (రాత్రి విశ్రాంతికి) ముందు రెండు షార్ట్ రెస్ట్‌లు (వార్లాక్ స్లాట్లు తిరిగొచ్చే చిన్న విరామాలు) ఇచ్చి చూడండి.