షేవింగ్ బ్లేడ్లు: ఒక్క షేవ్‌తో తేల్చేసేవాళ్ల కోసం కొన్ని అపోహలు - వాస్తవాలు

బ్లేడ్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పని అని తెలిస్తే చాలు, పెళ్లిలో అయినా ట్రైన్‌లో అయినా జనం అడిగేది ఒకటే, "ఏ బ్లేడు మంచిది సార్?" అని. నేను నోరు తెరిచేలోపే వాళ్లే చెప్పేస్తారు, ఫలానాది పెట్టాను, ఒక్కసారికే ముఖమంతా మంట, ప్యాకెట్ మొత్తం పనిమనిషికి ఇచ్చేశాను, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పించా అది సూపర్ అని. ఆ "ఒక్కసారికే" అన్న మాట వినీ వినీ ఇది రాస్తున్నా. ఇక్కడ డబల్ ఎడ్జ్ బ్లేడ్ల సంగతే, అంటే రెండు వైపులా అంచు ఉండి రేజర్‌లో పెట్టి బిగించుకునే పల్చటి బ్లేడ్ల సంగతే మాట్లాడుతున్నా, తల మొత్తం మార్చే కార్ట్రిడ్జ్‌ల జోలికి పోను.

అపోహ: ఒకసారి గీసుకుంటే బ్లేడు మంచిదో కాదో తెలిసిపోతుంది

తెలియదు. అన్నిటికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ చర్మం పోగొడుతున్న అపోహ ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తా.

ముందు బ్లేడు సంగతి చూడండి. 0.1 మిల్లీమీటర్ మందం ఉన్న స్టీల్ రేకు, అందులో సుమారు 13 శాతం క్రోమియం. దాన్ని గ్రైండింగ్ చేసి అంచు తీశాక మీద క్రోమియం, ప్లాటినం లాంటి లోహాల పల్చటి పొర ఎక్కిస్తారు, ఆ పైన టెఫ్లాన్ స్ప్రే చేసి 300 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి అంటుకునేలా చేస్తారు. ఆ టెఫ్లాన్ అంచు కొనని కూడా కప్పేసి ఉంటుంది. మొదటిసారి గీసినప్పుడు వెంట్రుకలు తగిలి కొన మీదున్న అదనపు టెఫ్లాన్ కాస్త వెనక్కి జరుగుతుంది, అప్పుడే అసలు అంచు బయటపడుతుంది. మేము మెషీన్‌లో బ్లేడుతో ఉన్ని ఫెల్ట్‌ని కోయించి ఎంత బలం పడుతుందో కొలుస్తాం, అందులో మొదటి కోతకి పట్టే బలం కంటే తర్వాతి కోతలకి తక్కువ పడటం మాకు రోజూ కనిపించేదే. అందుకే చాలామందికి మొదటి షేవ్ కంటే రెండోది హాయిగా ఉంటుంది. మొదటి షేవ్‌కే విసిరి కొట్టినవాళ్లు ఆ బ్లేడు అసలు పనితనం చూడనే లేదు.

రెండోది మీ చెయ్యి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి కుడి చెంప మీద రేజర్ ఒక కోణంలో నడుస్తుంది, ఎడమ చెంపకి వచ్చేసరికి మణికట్టు తిప్పాల్సి వస్తుంది, దవడ కింద ఇంకా తిరుగుతుంది. బ్లేడు అదే, అంచు అదే, కోణం మారింది కాబట్టి ఒకవైపు నున్నగా ఒకవైపు గరుగ్గా వస్తుంది. మూడోది గడ్డం. నిన్న గీసింది వేరు, నాలుగు రోజులు పెరిగింది వేరు. నాలుగోది నీళ్లు. హాస్టల్లో బోరు నీళ్లతో నురగ సరిగ్గా కట్టదు, ఊరికి వెళ్తే అదే సబ్బు అదే బ్రష్ బ్రహ్మాండంగా నురగ ఇస్తుంది, మనవాడు మాత్రం "ఊళ్లో కొన్న బ్లేడు ఒరిజినల్, సిటీలో డూప్లికేట్" అంటాడు.

నా బావమరిది సంగతి చెప్తా. హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం, రోజూ క్లీన్ షేవ్ తప్పనిసరి. మెడ నిండా ఎర్రటి పొక్కులు, ఆ కుర్రాడు సంబంధాలు చూసే టైమ్‌లో ఫోటో దిగడానికి కూడా ఇబ్బంది పడేవాడు. యూట్యూబ్‌లో ఎవడో చెప్పాడని జపాన్ బ్లేడు, ఇంకెవడో చెప్పాడని రష్యా బ్లేడు, డ్రాయర్ నిండా సగం వాడిన ప్యాకెట్లే. "బావా, నా చర్మానికి ఏ బ్లేడూ పడట్లేదు" అన్నాడు, ఆ గొంతు విన్నాక నాకు కోపం రాలేదు, జాలేసింది. ఇంటికి పిలిచి, ఒకే ప్యాకెట్‌లోంచి రెండు కొత్త బ్లేడ్లు తీసి, వాడు చూడకుండా నేనే రేజర్‌లో పెట్టి ఇచ్చా. ఇది ఒకటో నంబర్, కుడి చెంప. ఇది రెండో నంబర్, ఎడమ చెంప. అయ్యాక అడిగితే "బావా, ఒకటోది సూపర్, రెండోది రంపం, ఇదిగో చూడు మంట" అని ఎడమ దవడ చూపించాడు. రెండూ ఒకటే బ్లేడు అని చెప్తే నమ్మలేదు, మూడు రోజులాగి వైపులు మార్చి మళ్లీ చేయించా, ఈసారి రెండో నంబర్‌ది సూపర్ అయిపోయింది, ఎందుకంటే అది కుడి చెంపకి వెళ్లింది. వాడు ఎడమ దవడ కింద రేజర్‌ని నిలువుగా ఎత్తిపెట్టి, పైగా గట్టిగా నొక్కుతున్నాడు. అన్నాళ్లూ బ్లేడ్లని తిట్టింది అందుకు.

మరి టెస్ట్ ఎలా చెయ్యాలి

మా షేవ్ టెస్ట్ గదిలో సింకులు, అద్దాలు, పేరు లేని బ్లేడ్లు, కోడ్ నంబర్లు, ఒక షీటు ఉంటాయి. సగం ముఖం ఒక కోడ్‌తో, సగం ఇంకో కోడ్‌తో, తర్వాతిసారి వైపులు మార్పు. ఏ కోడ్ ఏ బ్లేడో గీసుకునేవాళ్లకీ తెలియదు, షీటు రాసుకునేవాళ్లకీ తెలియదు. మధ్యమధ్యలో రెండు కోడ్‌లకీ ఒకటే బ్లేడు పెట్టి కూడా చూస్తాం, ఎవరు తేడా లేనిచోట తేడా చెప్తున్నారో తెలియడానికి.

ఇంట్లో ఇదంతా ఎలా అంటారా, అంత కష్టమేం కాదు. భార్యకో తమ్ముడికో చెప్పి బ్లేడు పెట్టించుకోండి, బ్లేడు మీద కూర్చునే మూత, అదే టాప్ క్యాప్, బిగించేస్తే మీద ప్రింట్ ఉన్న పేరు లోపలికి పోతుంది. ఏ వైపుకి ఏది పెట్టారో వాళ్లు ఒక కాగితం మీద రాసి దాచుకుంటారు, సగం ముఖం అయ్యాక వాళ్లే బ్లేడు మార్చి ఇస్తారు. రేజర్ అదే, సబ్బు అదే, నీళ్లు అవే, ఎన్ని రోజుల గడ్డమో అదీ ఒకటే ఉండాలి. ఒకేసారి రేజరూ మార్చి బ్లేడూ మార్చి కొత్త క్రీమూ మొదలుపెట్టి "ఈ బ్లేడు వేస్ట్" అంటే దేని వల్ల మంట వచ్చిందో దేవుడికే తెలియాలి. ఒక్కో బ్లేడుకి కనీసం మూడు నాలుగు షేవ్‌లు ఇవ్వండి, కుదిరితే ఒకే ప్యాకెట్‌లోంచి రెండో బ్లేడు కూడా తీసి చూడండి, ఏ ఫ్యాక్టరీలో అయినా బ్లేడుకీ బ్లేడుకీ కొంచెం తేడా ఉంటుంది.

ఏం రాసుకోవాలి? వెంట్రుకని కోస్తోందా లాగుతోందా, అది మొదటి గీతలోనే పైపెదవి మీదా గడ్డం కొన మీదా తెలుస్తుంది, అక్కడే వెంట్రుక గట్టి. గాట్లు పడ్డాయా, ఎక్కడ. సాయంత్రానికి చెయ్యి వేస్తే ఎంత గరుగ్గా ఉంది. ఇవన్నీ కాకుండా నేను బాగా నమ్మేది పటిక. షేవ్ అయ్యాక చల్లనీళ్లతో కడిగి పటిక ముక్క తడిపి ముఖమంతా మెల్లగా రుద్దండి, ఎక్కడ చురుక్కుమంటే అక్కడ చర్మం పైపొర లేచిందని అర్థం. అన్నిచోట్లా సమానంగా మండితే బ్లేడునో నురగనో అనుమానించొచ్చు. ఒకేచోట, అదీ ఎప్పుడూ అదేచోట మండితే అది మీ చెయ్యి చేస్తున్న పని, బ్లేడు మార్చినంత మాత్రాన పోదు.

ఇంకో సంగతి, దీన్ని దాదాపు ఎవరూ చూసుకోరు. బ్లేడు పెట్టి బిగించాక రేజర్ తలని కళ్లకి ఎదురుగా, ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. క్యాప్ అంచు దాటి రెండు వైపులా బ్లేడు సమానంగా బయటికి కనిపించాలి. ఒకవైపు సన్నటి గీతలా, ఇంకోవైపు వెడల్పుగా కనిపిస్తే బ్లేడు పక్కకి జరిగి కూర్చుందన్నమాట, వెడల్పు వైపు కోస్తుంది, సన్న వైపు తెగదు. వదులు చేసి, బ్లేడు పొట్టి చివరల్ని వేళ్లతో పట్టుకుని మళ్లీ బిగించండి. "ఒకవైపు పదునుంది ఒకవైపు లేదు" అని వచ్చే కంప్లయింట్లలో ముందు నేను అడిగేది ఇదే.

అపోహ: గోటి మీద గీసి చూస్తే, చేతి వెంట్రుకల మీద చూస్తే పదును తెలుస్తుంది

అంచు కొన మందం నానోమీటర్లలో ఉంటుంది, కొన్ని పదులు అంతే. గోరుకి అది ఆనదు, కంటికి అసలే ఆనదు. పైగా గోటి మీద రాసినప్పుడే ఆ అంచు దెబ్బతింటుంది. చేతి వెంట్రుక సన్నం, గడ్డం వెంట్రుక మందం, పొడిగా ఉంటే మరీ గట్టి. కొత్తగా ప్యాకెట్ విప్పిన ఏ బ్లేడైనా చేతి వెంట్రుకని కోస్తుంది, దాంతో తెలిసేది ఏమీ లేదు.

అపోహ: పదును ఎక్కువైతే కోసుకుంటుంది, మంట ఎక్కువ

ఫెదర్ పేరు చెప్తే భయపడేవాళ్లు ఎంతమందో. జపాన్‌లో సెకి ఊళ్లో తయారయ్యే బ్లేడు అది, పదునుకి పేరు. పదునున్న బ్లేడు వెంట్రుకని తక్కువ బలంతో కోస్తుంది, లాగదు, కాబట్టి నొక్కాల్సిన పని లేదు. మొద్దు బ్లేడుకి అలవాటుపడిన చెయ్యి అదే బరువుతో పదును బ్లేడుని నొక్కితే తెగుతుంది మరి. రేజర్ బరువు చాలు, మీ చేతి బరువు అక్కర్లేదు. బ్లేడు బాగా బయటికి ఉండే రేజర్‌లో అయితే పదును బ్లేడు జాగ్రత్త, బ్లేడు తక్కువ బయటికి ఉండే మైల్డ్ రేజర్‌లో కొత్తవాళ్లు కూడా వాడుకోవచ్చు. భయపడి మొద్దు బ్లేడుతోనే అదే చోట అయిదారుసార్లు గీకే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది, మంట అక్కడి నుంచే.

అపోహ: తుడిచి, నూనె రాసి, గ్లాసులో రుద్దితే ఎక్కువ రోజులు వస్తుంది

తాతల కాలంలో ఇది నిజమే. అప్పటి బ్లేడ్లు కార్బన్ స్టీల్, తడి తగిలితే తెల్లారేసరికి తుప్పు, అందుకే తుడిచి కొబ్బరినూనె రాసేవాళ్లు, గాజు గ్లాసు లోపలి గోడకి రుద్ది అంచు సరిచేసేవాళ్లు. 1960లలో టెఫ్లాన్ లాంటి పూతలున్న స్టెయిన్‌లెస్ బ్లేడ్లు వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇప్పుడు గ్లాసుకో జీన్స్ ప్యాంటుకో రుద్దితే ముందు పోయేది ఆ పూతే. టవల్‌తో తుడవొద్దు, నీళ్ల కింద కడిగి విదిలించి ఆరనివ్వండి చాలు.

బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందో కూడా చాలామంది అరుగుదల అనుకుంటారు. 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద గీయించి చూసి సైన్స్ పత్రికలో రాశారు: స్టీల్ కంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, స్టీల్ లోపలి నిర్మాణం ఒకేలా లేనిచోట అంచు సన్నగా పెచ్చులూడుతోందని. ఒకసారి పెచ్చు లేచిన అంచుని ఇంట్లో ఏం చేసినా వెనక్కి తేలేరు. మీ చేతిలో ఉన్నది గోరువెచ్చని నీళ్లతో గడ్డం రెండు మూడు నిమిషాలు బాగా తడపడం, తడిసిన వెంట్రుకని కోయడానికి బలం చాలా తక్కువ పడుతుంది.

మిగతావి గబగబా

గీస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయా? రావు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త కొలిచి చూశారు. కొన మొండిగా తెగుతుంది కాబట్టి గరుగ్గా అనిపిస్తుంది, అంతే.

ప్లాటినం అని రాస్తే బ్లేడంతా ప్లాటినమా? పైన చెప్పిన పల్చటి పొరలో ఉండేదే అది. పేరు చూసి కొనకండి.

మెడ మీద పొక్కులు నెలల తరబడి పోకపోతే? చాలామందికి వెంట్రుక రింగు తిరిగి చర్మంలోకే మళ్లీ గుచ్చుకోవడం వల్ల వచ్చేవి అవి, ఎదురు గీసి మరీ లోతుగా తీసేవాళ్లకి ఎక్కువ. వాలుకే గీసి ఆపండి, కొన్నాళ్లు వదిలేయండి, అప్పటికీ పోకపోతే చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పదో రకం బ్లేడు కొనకండి దయచేసి. మీ చర్మంలో లోపం ఏం లేదు.

సెలూన్‌లో బ్లేడు సగానికి విరిచి వాడితే పదును తగ్గుతుందా? తగ్గదు, రెండు అంచులూ ఒకే లైన్‌లో తయారైనవే. చూసుకోవాల్సింది ఆ సగం ముక్క మీ ముందు కొత్తగా ప్యాకెట్‌లోంచి వచ్చిందా లేదా అన్నది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు, డెటాల్ నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే పోయేది కాదు. మొహమాటపడకుండా "అన్నా, కొత్త బ్లేడు వెయ్యి" అనండి, మంచి సెలూన్ అన్న ఎవరూ ఏమీ అనుకోరు. ఇంట్లో కూడా అన్నదమ్ములు ఒకే బ్లేడు వాడుకోవడం మానండి.

ఒక బ్లేడు ఎన్నిసార్లు వస్తుంది? గడ్డాన్ని బట్టి. నాకు తెలిసినవాళ్లలో రెండుసార్లకే మార్చేవాళ్లూ ఉన్నారు, ఏడెనిమిదిసార్లు హాయిగా లాగించేవాళ్లూ ఉన్నారు. పైపెదవి మీద మొదటి గీతకే లాగుతున్నట్టనిపిస్తే అదే లెక్క, ఆ రోజే తీసేయండి, రెండు మూడు రూపాయల కోసం ఇంకో వారం ఈడ్చకండి. తీసిన బ్లేడు మాత్రం చెత్తబుట్టలో అలాగే పడేయకండి, ఖాళీ టిన్ను డబ్బాకి సన్నటి గాడి పెట్టి అందులో వేస్తూ ఉండండి, నిండాక టేపు చుట్టి "బ్లేడ్లు" అని రాసి చెత్త బండి వాళ్ల చేతికి చెప్పి మరీ ఇవ్వండి.