గుమ్మం ఎటుంటే ఇల్లు అటే

చిరంజీవులు శ్రావ్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన ఫోటో చూసి శ్రావ్య వేసిన ప్రశ్న మీ అమ్మ ఫోనులో చదివి వినిపించింది: "రోడ్డు మీద తెల్ల ప్లస్ గుర్తులు వరుసగా వెళ్ళి ఆ ఇంట్లోకి దూరాయి కదా, లోపల ఆ గీత మీద మంచం వేసుకుని పడుకున్నవాళ్ళు ఏ దేశంలో పడుకున్నట్టు తాతయ్యా?" ఫోనులో రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నెదర్లాండ్స్‌లో మీ పిన్ని వాళ్ళుండే ఐండ్‌హోవెన్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం చేస్తే బార్లె అనే చిన్న ఊరు వస్తుంది. రెండువైపులవారినీ కలిపితే జనాభా సుమారు పదివేలు. ఎర్ర ఇటుక ఇళ్ళు, ఒక చర్చి, కాఫీ హోటళ్ళు, సైకిళ్ళు. పైకి చూస్తే ఆ ప్రాంతంలోని ఏ ఊరికీ దీనికీ తేడా లేదు. తల వంచి నేల చూస్తేనే వింత కనబడుతుంది. కాలిబాట మీద వరుసగా తెల్ల గుర్తులు, వాటికి ఒకపక్క నెదర్లాండ్స్ పేరు, రెండోపక్క బెల్జియం పేరు సూచించే అక్షరాలు ఉంటాయి. ఆ గీత దుకాణాలను, పెరళ్ళను, ఇళ్ళను కోసుకుంటూ పోతుంది. ఊరి చుట్టూ నెదర్లాండ్స్ నేలే ఉన్నా, అందులో 22 భూమి చెక్కలు బెల్జియానివి. ఆ బెల్జియం చెక్కల కడుపులో మళ్ళీ నెదర్లాండ్స్ ముక్కలు ఏడు ఉన్నాయి. వీటిలో ఎకరం కూడా లేనివి కొన్ని.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే మన వైపు అన్నదమ్ముల భూమి పంపకం గుర్తు తెచ్చుకోండి. పెద్దవాడు తమ్ముడితో "ఈ బీడంతా నువ్వు తీసుకో, నా మనుషులు సాగు చేస్తున్న చెక్కలు మాత్రం నావే" అంటాడు. ఆనాడు బీడు చాలా, మనుషులు కొద్ది కనుక తమ్ముడికీ అభ్యంతరం ఉండదు. 1198లో జరిగింది సరిగ్గా ఇదే. బ్రబాంట్ అనే ప్రాంతపు పాలకుడు (డ్యూక్) మొదటి హెన్రీ ఇక్కడి భూమిని బ్రెడా ప్రభువైన గాడ్‌ఫ్రీకి ఇస్తూ, తన మనుషులున్న సాగు చెక్కలను తన కిందే ఉంచుకున్నాడు. వాళ్ళు అన్నదమ్ములు కారు గానీ పంపకం ఆ తీరుదే. తరువాత తరాలకు ఏమవుతుందో మీకు తెలుసు. పెద్దవాడి మనుమలు తమ్ముడి పొలం మధ్యనుంచి గట్టు తొక్కుకుంటూ తమ చెక్కకు పోవాలి. నీటి బోదె ఒకరిది, అది పారే నేల ఇంకొకరిది. గట్టు మీది కొబ్బరిచెట్టు ఒకరిదైతే కాయ రెండోవారి చేలో పడుతుంది. ఆ కాయ ఎవరిదని మా తాతలనాడు మా ఊళ్ళో పెద్దమనుషులు రచ్చబండ దగ్గర ఒక పూటంతా వాదించారు; చివరికి పచ్చడి ఎవరి ఇంట్లో చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. సరే, అసలు సంగతికి వస్తాను.

అన్నదమ్ముల సంతానం వేరు వేరు దేశాలవాళ్ళయితే? 1648లో స్పెయిన్‌తో సంధి కుదిరి ఉత్తరాది నెదర్లాండ్స్ వేరుపడినప్పుడు బ్రెడా ప్రభువు వాటా అటుపోయింది, డ్యూక్ వాటా దక్షిణాన స్పెయిన్ రాజు కింద మిగిలింది. 1830లో ఆ దక్షిణ భాగం బెల్జియంగా స్వతంత్రం ప్రకటించుకున్నాక సరిహద్దు రాళ్ళు పాతుతూ వచ్చిన అధికారులకు బార్లె దగ్గర చిక్కు వీడలేదు. 1843 ఒప్పందంలో 214వ రాయి దగ్గర గీత ఆపేసి, ఊరు దాటాక 215వ రాయి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. నడుమనున్న ఊరిలో గీత గీయకుండా, వేలాది కమతాలను ఒక్కొక్కటిగా రాసి ఏది ఏ దేశానిదో పట్టిక వేశారు. మన కరణాలు చూస్తే మెచ్చుకునే పని! ఆ పట్టికలో రెండు కమతాల మీద తగువు వచ్చి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళితే, 1959లో అవి బెల్జియానివని తీర్పు వచ్చింది. మిగిలిన లెక్కలన్నీ తేలేసరికి 1995 అయింది. ఏడెనిమిది వందల ఏళ్ళ పంపకాన్ని ఎవరూ తుడిచివేయలేదు, ఓపికగా రాసుకున్నారు.

గీత ఇంటి మధ్యనుంచి పోతే ఏం చేస్తారంటే, వీధిగుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిదిగా లెక్క. ఇంటి నంబరు పలక మీద ఆ దేశపు జెండా రంగులు ఉంటాయి. పన్ను కట్టేది ఆ పలకను బట్టే. కొందరు తమకు అనుకూలమైన చట్టం కోసం గుమ్మాన్నే పక్కకు జరుపుకున్నారు. ఇక లోవెరెన్ అనే వీధిలో గీత సరిగ్గా గుమ్మం నడిమిగా పోయే ఇల్లు ఒకటుంది. ఆ ఒక్క తలుపుకు రెండు నంబర్లు, రెండు గంట మీటలు! శ్రావ్యా, నువ్వు చూసిన ఫోటో ఆ ఇంటిదే. కాబట్టి పడుకున్నవాళ్ళ తల ఒక దేశంలో, కాళ్ళు ఇంకో దేశంలో ఉండటం నిజమే గానీ, సర్కారువారు మంచాన్ని చూడరు, గుమ్మాన్ని చూస్తారు. గుమ్మమే రెండు దేశాల్లో ఉన్నవాళ్ళు ఏం చేస్తారో ఆలోచించి నువ్వే చెప్పు.

ఊరికి ఇద్దరు మేయర్లు, రెండు పురపాలక సభలు. బెల్జియం వైపు బాణసంచా దుకాణాలు ఏడాది పొడవునా తెరిచి ఉంటాయి. నెదర్లాండ్స్‌లో చాలాకాలం ఏడాది చివరి కొద్ది రోజుల్లో తప్ప సాధారణంగా అమ్మనిచ్చేవారు కాదు గనుక డిసెంబరులో ఇటు జనం విరగబడేవారు. (కార్తీక్, ఇది నీకోసం కాదు.) 2020లో కరోనా వచ్చినప్పుడు గీత మీదున్న ఒక బట్టల దుకాణంలో బెల్జియం సగాన్ని మూసి, మిగతా సగంలో వ్యాపారం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలో దాదాపు అంతటినీ జర్మన్లు ఆక్రమించుకున్నా, తటస్థంగా ఉన్న నెదర్లాండ్స్ నేల తొక్కకుండా ఈ చెక్కలకు చేరలేక వదిలేశారు. రెండు దేశాల సరిహద్దు పొడవునా వాళ్ళు పారించిన కరెంటు తీగ ఎందరినో బలి తీసుకుంటుంటే, ఇక్కడ బెల్జియం వాళ్ళు 1915లో వైర్‌లెస్ కేంద్రం పెట్టి పనిచేయించారు.

నాకు ఈ ఊరు కొత్తగా అనిపించలేదంటే మీరు నవ్వుతారు. మా చిన్నప్పుడు సైకిలు మీద యానాం పోయేవాళ్ళం. చుట్టూ ఆంధ్ర, నడుమ యానాం. అది ఎక్కడో తమిళనాడు చెంతనున్న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. మాకంటే ముందు తరంలో అది ఫ్రెంచివారి ఏలుబడి. 1929లో శారదా చట్టం వచ్చి పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లలకు పెళ్ళి చేయకూడదన్నప్పుడు, బ్రిటిషువారి చట్టం అక్కడ చెల్లదు గనుక ఎందరో పసిపిల్లలను బళ్ళలో ఎక్కించి యానాం తీసుకుపోయి పెళ్ళిళ్ళు చేశారు. దానికి కల్యాణపురమని పేరు కూడా వచ్చింది. మా మేనత్త అలా వెళ్ళి పెళ్ళికూతురై వచ్చిన పిల్ల. పెళ్ళిలో తనకు బాగా గుర్తున్నది నిద్ర ఒక్కటేనని చెప్పేది; బడి మళ్ళీ ముఖం చూడలేదు. గీత దాటితే చట్టం మారుతుందన్న సదుపాయాన్ని పెద్దవాళ్ళు దేనికి వాడుకుంటారో చూసి మంచిచెడ్డలు తేల్చుకోవాలి తప్ప, గీత వింతగా ఉందని మాత్రమే మెచ్చుకోకూడదు.

మన దేశానికీ బంగ్లాదేశ్‌కూ నడుమ కూచ్ బిహార్ దగ్గర ఇలాంటి చెక్కలే అటు 111, ఇటు 51 ఉండేవి. అక్కడ రెండు ప్రభుత్వాల మధ్య మాట కుదరక, ఆ చెక్కలలోని జనం దశాబ్దాలపాటు బడికీ ఆసుపత్రికీ నోచుకోలేదు. 2015లో చెక్కలు మార్చుకున్నాకే వాళ్ళు ఒక దేశపు పౌరులయ్యారు. బార్లెలో గీత ఆటవస్తువైందంటే, ఇరువైపులవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చెత్తబండి గురించి కూడా మాట్లాడుకోవడం వల్లనే.

ఈ ఆదివారం అమ్మనడిగి యానాం వెళ్ళండి. మన వైపు చివరి పెట్రోలు బంకులో ధర ఎంతో, అక్కడి మొదటి బంకులో ఎంతో చూడండి. బళ్ళ నంబరు పలకల మీద ఏపీ ఎక్కడ తగ్గి పీవై (పుదుచ్చేరి) ఎక్కడ ఎక్కువవుతుందో గమనించండి. హద్దు సరిగ్గా ఎక్కడో తెలియకపోతే అక్కడి టీ కొట్టువాళ్ళను అడిగి, వాళ్ళు చూపిన చోటు బొమ్మ గీసి నాకు పంపండి.

ఇట్లు
మీ తాతయ్య